ముందు కుట్టింది ఎవరిని

మా తమ్ముడి కత్తెర ఏదో ఒకరోజు మనిషి మీదికి లేస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ నోటిని అక్కడికక్కడే కుట్టేసి ఉండేదాన్ని. వాడు దర్జీ. నేను వాడి అక్కను. వాడి కొట్లోనే కూర్చుని కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను, అంచులు మడుస్తాను. కొలత తప్పిందని ఎవరైనా వచ్చి చొక్కా మొహాన కొట్టినా, "ఇలా ఇవ్వండి, విప్పి కుడతాను" అనేవాడే తప్ప ఎదురు మాట అనేవాడు కాదు. వాడి వాటా తిట్లు కూడా నేనే తిట్టిపెట్టేదాన్ని. "ఆయన నోట్లో ఉండాల్సిన నాలుక కూడా మీ నోట్లోనే ఉంది వదినా" అని మా మరదలు నవ్వేది. అది నవ్వి చాలా రోజులైంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. బుల్లి అనేవాళ్ళం. తొమ్మిదేళ్ళ పిల్ల, కాలు ఒకచోట నిలిచేది కాదు. దానికి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోయింది, కళ్ళ వెనక నొప్పన్నది, ఎముకలు ఎవరో విరుస్తున్నట్టుందన్నది. నాలుగైదు రోజులకు ఒళ్ళు చల్లబడింది. గండం గడిచిందని మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆ మాయదారి జ్వరం తీరే అంతట. వేడి దిగాకే అసలు దెబ్బ కొడుతుందట. కడుపునొప్పి, వాంతులు, చల్లబడ్డ చేతులు కనబడితే ఆ క్షణమే పరుగెత్తి రావాలట. ఇదంతా డాక్టరమ్మ చెప్పింది, చేతులు కాలాక. మా తమ్ముడు పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రి మెట్లెక్కేసరికే దానికి ఊపిరి అందడం లేదు. లోపల రక్తం కారుతోందన్నారు. సాయంత్రానికి పోయింది.

అందరం ఏడ్చాం. వాడొక్కడే ఏడవలేదు. "పోయింది" అన్న మాట వాడి నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. మరదలు గోడ వైపు తిరిగి పడుకుంది. వాడు కొట్టు తెరిచి మిషను ముందు కూర్చుని తొక్కేవాడు. సూది కింద గుడ్డ ఉండేది కాదు. ఉత్త మిషను టకటకమని కొట్టుకుంటూ ఉండేది. "ఆపరా" అంటే ఆపేవాడు, కాసేపటికి మళ్ళీ మొదలు. ఆ చప్పుడు వింటూ నేను కాజాలు తీశాను. ఒక మగ చొక్కాకు గుండీలు కుడి పక్కకు బదులు ఎడమ పక్కకు కుట్టేశాను.

పోయిన బిడ్డను ఎవరూ తేలేరు. కానీ తమ్ముడున్నాడు. వాడు కూడా చేజారిపోతే ఆ ఇంట్లో మిగిలేది నేనూ, గోడా, గోడ వైపు తిరిగిన మరదలూ. నా భయమంతా అదే. ఆ భయం ఎందుకు పుట్టిందో చెప్పాలంటే మా కొట్టు వెనక ఉన్న యార్డు గురించి చెప్పాలి.

అది పాత బళ్ళు కోసే యార్డు. చచ్చిన లారీలు, బస్సులు, కార్లు అక్కడికి వస్తాయి, ముక్కలై పోతాయి. పొద్దుటి నుంచి సుత్తుల మోత, గ్యాస్ కటర్ బుసలు. యజమానిని అందరూ ఇనుపాయన అంటారు. అతనికి నోటి కంటే చెయ్యి ముందు. పనివాళ్ళను కొట్టేవాడు, కుక్కలను కొట్టేవాడు, కొట్టడానికి ఎవరూ దొరక్కపోతే సొంత తమ్ముణ్ణి కొట్టేవాడు. ఆ తమ్ముడే అక్కడ ఇనుము కోసే పనివాడు. ముప్ఫై దాటినా అందరికీ చిన్నోడే. పనికిరాని టైర్లన్నీ మా గోడ పక్కనే గుట్టలు పోసేవాళ్ళు. వాన పడితే టైరు టైరుకూ నీళ్ళు. గోడకు ఇవతల మేం దోమలను తిట్టుకుంటూ, చప్పట్లు కొట్టి చంపుకుంటూ బట్టలు కుట్టాం. అలాగని మేమేం తక్కువ తినలేదు. మా పెరట్లో మూత లేని డ్రమ్ము ఒకటి ఏడాది పొడుగునా నిండే ఉండేది. తిలా పాపం తలా పిడికెడు.

ఆ రోజు భోజనాల వేళ దాటాక మునిసిపాలిటీ నుంచి దోమలాయన వచ్చాడు. పొడుగు కాడ ఉన్న గరిట, టార్చి లైటు, తెల్ల గిన్నె, భుజాన మందు సంచి. వీధిలో ఇంకా రెండిళ్ళలో జ్వరాలున్నాయి. మా డ్రమ్ములో గరిట ముంచి చూశాడు, నా వైపు చూశాడు, డ్రమ్ము వంచేశాడు. లోపలి అంచులు పీచుతో రుద్దమన్నాడు. గుడ్లు అంచుకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి చావవట, మళ్ళీ నీళ్ళు తగిలితే లేచి కూర్చుంటాయట. నేను నోరు మూసుకుని రుద్దాను. ఆయన యార్డులోకి వెళ్ళాడు.

మా వెనక గోడకు ఇటుకలు ఊడి ఒక కన్నముంది. అందులోంచి చూశాను. దోమలాయన ఒక టైరులో గరిట ముంచి, నీళ్ళు తెల్ల గిన్నెలో పోసి ఇనుపాయనకు చూపించాడు. గిన్నెలో పురుగులు మెలికలు తిరుగుతూ ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఇవన్నీ వారంలో దోమలవుతాయి. టైర్లకి కన్నాలన్నా పొడిపించండి, పైన రేకులన్నా కప్పించండి. లేదా రేపు మా బండొచ్చి ఎత్తుకుపోతుంది" అన్నాడు దోమలాయన.

"ఏది ఎత్తుకుపోతుంది?"

"టైర్లు."

ఇనుపాయన అతని చేతిలోంచి గరిట లాక్కున్నాడు. ఆ గరిటతోనే మొహం మీద కొట్టాడు. గిన్నె ఎగిరిపడింది. రెండో దెబ్బకు పెదవి చిట్లి పన్ను ఊడింది. మూడో దెబ్బకు గరిట కాడ వంగిపోతే దాన్ని పారేసి కాలితో డొక్కలో తన్నడం మొదలుపెట్టాడు. తంతూనే, "నా ఇనుము జోలికొస్తే నిన్ను కోసి కిలోల లెక్కన అమ్ముతాను" అన్నాడు. పనివాళ్ళు చేతుల్లో సుత్తులతో చూస్తూ నిలబడ్డారు. నేను కన్నంలోంచి నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. అతను ఒక నట్టు తీసి నా మీదికి విసిరాడు. అది ఇటుకకు తగిలి నా కంట్లో దుమ్ము పడింది.

దోమలాయన పాక్కుంటూ గేటు దాటి, వీధి చుట్టి వచ్చి మా కొట్టు అరుగు మీద కూలబడ్డాడు. నేను నీళ్ళు తెచ్చి మొహం కడిగాను. పక్కింటి ఇస్త్రీ ఆవిడ, ఆవిడ మొగుడు, ఇంకో నలుగురు గుమ్మం దగ్గర మూగారు. ఉత్త మిషను తొక్కుతున్న మా తమ్ముడి కాలు ఆగింది.

"ఆ నీళ్ళలో పుట్టిన దోమేనా మా పిల్లని కుట్టింది?" అని అడిగాడు. పిల్ల పోయాక వాడు బయటివాళ్ళతో మాట్లాడిన మొదటి మాట అది.

"అయ్యుండొచ్చు" అన్నాడు దోమలాయన, నెత్తురు ఉమ్మేసి. "ఇది ఎక్కువ దూరం ఎగిరే రకం కాదు. పుట్టినచోట నాలుగిళ్ళ మధ్యే తిరుగుతుంది. రాత్రి కాదు, పగలు కుడుతుంది. ఆడదోమే కుడుతుంది, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి."

"మరి దానికి జ్వరం ఎక్కడిది?"

"దానికి జ్వరం రాదు. పుట్టేటప్పుడు దాని ఒంట్లో మామూలుగా ఏమీ ఉండదు. ముందు అది జ్వరమున్న మనిషిని కుట్టాలి. ఆ రక్తంతో వైరస్ దాని కడుపులోకి పోతుంది. అక్కడ పెరిగి పెరిగి, వారం పది రోజులకి నోటి దాకా వస్తుంది. ఇంక అది చచ్చేదాకా ఎవరిని కుడితే వాళ్ళకి ఎక్కిస్తుంది."

తమ్ముడు కొలత అడిగినంత నెమ్మదిగా అడిగాడు. "అయితే ముందు ఎవరిని కుట్టింది?"

"అది మనకెందుకండీ. మనిషిని వెతికితే ఏం లాభం, నీళ్ళని వెతకాలి గానీ" అన్నాడు దోమలాయన. అక్కడితో ఆపితే ఎంత బాగుండేది. కొందరికి మొదలుపెట్టిన పాఠం పూర్తి చెయ్యకపోతే అన్నం అరగదు. "మీ పాప కంటే ముందు ఇక్కడే ఎవరికో జ్వరం వచ్చి ఉంటుంది. తెర లేకుండా పగలంతా ఎక్కడో ఆరుబయట పడుకుని ఉంటాడు. ఈ దోమలన్నీ అతన్ని కుట్టి ఉంటాయి" అన్నాడు.

ఇస్త్రీ ఆవిడ మొగుడి వైపు చూసి, "బస్సులో పడేశారు కదా వాళ్ళ చిన్నోణ్ణి" అన్నది.

వీధిలో అందరికీ తెలిసిన సంగతే అది. మొన్నటి వానలు మొదలైనప్పుడు చిన్నోడికి జ్వరం వచ్చింది. ఇనుపాయనకు ఇంట్లో పాలు తాగే కవలలున్నారు. వీడి ఊపిరి తగిలితే పిల్లలకు అంటుకుంటుందని మొగుడూ పెళ్ళాం కలిసి చిన్నోణ్ణి యార్డులో అద్దాలూడిన ఒక బస్సులో పడుకోబెట్టారు. ఇంట్లో ఉన్న ఒక్క దోమతెరా కవలల మంచానికి కట్టారు. జ్వరం తగ్గింది, కానీ మనిషి పుల్లలా అయిపోయాడు, లేచి నిలబడితే కళ్ళు తిరిగేవట. నెల దాటినా ఇంట్లోకి మాత్రం రానివ్వలేదు.

అది విని దోమలాయన తల పట్టుకున్నాడు. "తెర కట్టాల్సింది జ్వరమున్నవాడికి కదండీ. అతన్ని తీసుకెళ్ళి ఆ టైర్ల మధ్య పడేస్తే దోమలకి విస్తరేసి వడ్డించినట్టే" అన్నాడు.

తమ్ముడు లేచాడు. బల్ల మీద గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర ఉంది, మోచేతి పొడుగు ఉంటుంది. దాన్ని తీసుకున్నాడు. వెళ్ళి వాడి చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాను.

"ఎక్కడికిరా?"

"వదులక్కా."

"వాడేం చేశాడురా, వాడికీ జ్వరమే కదా వచ్చింది. కావాలంటే వాళ్ళన్నని చంపు, నేనూ వస్తాను."

నా నోరు చూశారా. ఆపాల్సిన చోట కూడా చంపమనే అన్నది. వాడు నన్ను ఒక్క తోపు తోశాడు. వెళ్ళి బల్ల అంచుకు పడ్డాను, నడుము కలుక్కుమంది. పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను తొయ్యడం అదే మొదలు. నేను లేచేలోపు వాడు గోడ కన్నంలోంచి అవతలికి దూరిపోయాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఈ పిడుగు పోయి పోయి ఆ అర్భకుడి మీద పడబోతోంది. ఈలోగా ఇస్త్రీ ఆవిడ వీధిలోకి పరుగెత్తి గొంతు చించుకుని అందరినీ పిలుస్తోంది. ఎవరో కిరసనాయిలు డబ్బా తెమ్మంటున్నారు. దోమలాయన లేవలేక, "అది కాదండీ, అది కాదు" అంటున్నాడు.

ఆ కన్నం నా ఒంటికి చాలేది కాదు. రెండు భుజాలూ చెక్కుకుపోయేలా దూరాను. అవతల టైర్ల మధ్య కాలు పెట్టిన చోటల్లా నీళ్ళు, నా చుట్టూ దోమలు లేచాయి. బస్సు అక్కడికి దగ్గరే. లోపలి నుంచి ధనామని శబ్దం వచ్చింది.

నేను మెట్టెక్కేసరికి మా తమ్ముడు చిన్నోడి ఛాతీ మీద మోకాలు వేసి ఉన్నాడు. సీట్లన్నీ పీకేసిన బస్సు అది. నేల మీద చిరిగిన సీటు మెత్త ఒకటి, దాని మీద చిన్నోడు. తమ్ముడి ఎడమ చెయ్యి వాడి గొంతు మీద ఉంది. కుడి చేతిలో కత్తెర లేదు. కత్తెర చిన్నోడి తొడలో ఉంది, సగం దాకా. లుంగీ నల్లబడి నెత్తురు రేకు మీద పారుతోంది.

"నువ్వేరా. నీ నుంచేరా" అంటున్నాడు తమ్ముడు. మాటకొక గుద్దు. మొహం మీద, చెవి మీద, మళ్ళీ మొహం మీద. చిన్నోడు చేతులు అడ్డం పెట్టడం లేదు. నేను వెనక నుంచి తమ్ముడి జుట్టు పట్టి లాగాను. నా చేతిలోకి జుట్టు ఊడొచ్చింది గానీ వాడు కదల్లేదు. వాడు కత్తెర పిడి పట్టుకుని బయటికి లాగాడు. చిన్నోడు అప్పుడు అరిచాడు, ఒక్కసారే. రెండో పోటు గొంతులోకి అని నాకు తెలిసిపోయింది.

ఆ అరుపుకు నేను వెనక్కి తూలి ఏదో పట్టుకున్నాను. చేతికి గుడ్డ తగిలింది. పైన సామాన్లు పెట్టే కమ్మీ నుంచి కిందికి వేలాడుతున్న తెల్లటి నెట్టు గుడ్డ. అంచు వంకీల కత్తెరతో కోసి ఉంది. ఆ వంకీల కత్తెర ఈ వీధిలో మా కొట్లో తప్ప ఎక్కడా లేదు.

ఎవరి పాపదో పుట్టినరోజు గౌనుకు తెచ్చిన నెట్టులో ఒక ముక్క నెల కిందట మాయమైంది. ఎక్కడికి పోయిందంటే బుల్లి నేల చూపులు చూసింది. "తీశావా?" అంటే తీశానంది. "ఎవరికిచ్చావు?" అంటే నోరు విప్పలేదు. మా తమ్ముడు దాన్ని కొట్టాడు. ఎన్నడూ చెయ్యెత్తనివాడు చెంప మీద వేళ్ళు తేలేలా కొట్టాడు. దొంగతనం నేర్చుకుంటోందని వాడి బాధ. అది రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు, మూడో రోజు వెళ్ళి వాడి ఒళ్ళో కూర్చుంది. గుడ్డ సంగతి మాత్రం చివరిదాకా చెప్పలేదు.

"ఒరే, ఇది చూడరా" అన్నాను. గుడ్డ లాగి వాడి మొహం మీద పడేశాను. వాడు దాన్ని తప్పించబోయి, అంచు వేలికి తగలగానే ఆగిపోయాడు. దర్జీ కదా, చూడకుండానే తెలిసిపోయింది.

చిన్నోడి నోటి నిండా నెత్తురు. అది మింగి, "కొట్టన్నా, పర్లేదు" అన్నాడు. "పాపని రావద్దని చెప్పాల్సింది. నాదే తప్పు. మీకు తెలిస్తే ఊరుకోరని నాకు తెలుసు."

తమ్ముడి చెయ్యి గాల్లోనే ఉంది.

"బడి నుంచి వచ్చి నీళ్ళ సీసా ఇచ్చి పోయేది. దోమలు తెగ కుడుతున్నాయని ఈ గుడ్డ తెచ్చింది. మొహం వరకే వస్తుంది, కాళ్ళకి చాలదు మావయ్యా, ఇంకో ముక్క తెస్తానంది. వద్దన్నాను." చిన్నోడు ఊపిరి తీసుకుని నా వైపు తిరిగాడు. "చాలా రోజులైందక్కా రాక. పాపకి ఒంట్లో బాగాలేదా?"

వాడికి తెలియదు. మా వీధి మొత్తం ఎందుకు ఏడ్చిందో గోడ అవతల ఉన్న వీడికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట తమ్ముడు అనడు, నేనే అన్నాను. "బుల్లి పోయిందయ్యా. అదే జ్వరం."

"ఆ రోజు ఏడుపు వినబడింది. ఎవరో పెద్దవాళ్ళనుకున్నాను" అన్నాడు చిన్నోడు. తరవాత మొహం పక్కకు తిప్పి, పొడిచినప్పుడు కూడా ఏడవనివాడు ఏడ్చాడు.

"ఎందుకు రానిచ్చావురా?" అన్నాడు తమ్ముడు. అరవలేదు. బతిమాలినట్టు అడిగాడు. "నా బిడ్డని ఈ దోమల్లోకి ఎందుకు రానిచ్చావు?"

"దాహమేసేదన్నా. ఇంకెవరూ వచ్చేవాళ్ళు కాదు."

కత్తెర రేకు మీద పడింది. నేను దాన్ని కాలితో తన్ని మూలకు నెట్టాను. తమ్ముడు ఆ నెట్టు గుడ్డను పళ్ళతో చీల్చాడు, పీలిక పేని చిన్నోడి తొడ మీద గాయానికి పైన బిగించి కట్టాడు. ముడి సరిగ్గా పడింది. అప్పుడే బస్సు మీద మొదటి రాయి పడింది.

గేటు విరగ్గొట్టి వీధి వీధంతా యార్డులోకి వచ్చేసింది. ఇనుపాయన గునపం పట్టుకుని అడ్డం నిలిచాడు. ముందు వచ్చినవాడి భుజం విరిగింది. రెండోవాడికి తల పగిలింది. ఆ తరవాత వెనక నుంచి ఒక సుత్తి దెబ్బ అతని మోకాలి మీద పడింది. కొట్టింది వీధివాడు కాదు, అతని దగ్గర పనిచేసేవాడే. ఇనుపాయన కూలిపోయాక ఇన్నాళ్ళుగా దెబ్బలు తిన్నవాళ్ళంతా వరస కట్టి బాకీ తీర్చుకున్నారు. జాలి పడదామనుకున్నాను, రాలేదు. ఇంటి మేడ మీద నుంచి అతని భార్య కవలలను చంకనేసుకుని కేకలు పెడుతోంది. టైర్ల గుట్ట మీద కిరసనాయిలు పోసి అంటించారు. నల్లటి పొగ పాములా లేచింది.

తమ్ముడు చిన్నోణ్ణి వీపున వేసుకుని బస్సు మెట్టు మీదికి వచ్చాడు. కింద ఇస్త్రీ ఆవిడ మొగుడు కమ్మీ పట్టుకుని ఉన్నాడు, వెనక పాతికమంది.

"వాణ్ణి మాకు వదిలెయ్. నీ పిల్లని చంపినవాడు వాడే కదా. నీ తరఫునే వచ్చాం" అన్నాడు.

"జరుగు" అన్నాడు తమ్ముడు.

"నీకు చేతకాకపోతే మేం చేస్తాం."

మా తమ్ముడు అప్పుడన్న బూతు నేను ఇక్కడ రాయను. అది వాడికి ఎక్కడ దొరికిందో, బహుశా నా దగ్గరే దొరికుంటుంది. చేతులు ఖాళీ లేవు కాబట్టి మెట్టు దిగుతూనే నుదుటితో ఆ మనిషి ముక్కు మీద పొడిచాడు. ముక్కు చితికిన చప్పుడు నాకు వినబడింది. వెనక నుంచి ఒక రాయి వచ్చి తమ్ముడి కనుబొమ మీద తగిలింది. ఇంకోటి చిన్నోడి వీపు మీద పడింది. తమ్ముడు ఒంగిపోయాడు గానీ చిన్నోణ్ణి దింపలేదు. నేను నేల మీదున్న జాకీ రాడ్డు తీసుకుని గిరగిరా తిప్పుతూ ముందు నడిచాను. ఎవరి మోకాలు, ఎవరి మోచెయ్యి అని చూడలేదు. నిన్నటిదాకా నా దగ్గర గుండీలు కుట్టించుకున్నవాళ్ళే. ఇస్త్రీ ఆవిడ కూడా నా రాడ్డుకు ఒక దెబ్బ తిన్నది, అది మాత్రం చూసే కొట్టాను. పొగకు ఎవరికీ కళ్ళు కనబడటం లేదు. అలా గేటు దాటాం.

గేటు దగ్గర దోమలాయన కడుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "తగలబెట్టకండయ్యా, పారబోయండి. పారబోస్తే చాలు" అని వచ్చేపోయేవాళ్ళకల్లా చెబుతున్నాడు. వినేవాడు లేడు. తరవాత ఫైరింజను వచ్చి పైపులతో నీళ్ళు కొట్టిందట. గుట్టలో సగం టైర్లు కాలలేదట. కాలని ప్రతి టైరులోనూ మళ్ళీ నిండా నీళ్ళు. ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ ఏడ్చాను.

ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. బుల్లిని తీసుకెళ్ళిన ఆస్పత్రే. ఈసారి మెట్ల మీద తమ్ముడి కాళ్ళు ఒక్కక్షణం ఆగాయి, మళ్ళీ ఎక్కాయి. చిన్నోణ్ణి బల్ల మీద పడుకోబెట్టారు. నర్సు కట్టు విప్పి గాయం చూసింది, ఇద్దరి మొహాలూ చూసింది, నా చెక్కుకుపోయిన భుజాలు చూసింది. ఇది పోలీసుల దాకా పోయే గాయమని ఆమె చూపులోనే ఉంది. ఇంత చేసీ తమ్ముణ్ణి ఇక్కడ పోగొట్టుకోబోతున్నాననుకున్నాను.

"ఎలా తగిలింది ఇది?" అని అడిగింది.

"నేను" అన్నాడు తమ్ముడు. "నేనే..."

చిన్నోడు తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకునే సత్తువ ఎక్కడిదో. "పాత బస్సమ్మా. రేకు లేచి ఉంది, చూసుకోకుండా పడ్డాను. ఈయన చూసి తీసుకొచ్చాడు" అన్నాడు.

"రేకు ఇంత లోతు దిగిందా?"

"మంచి రేకమ్మా. రోజూ కోసేవాణ్ణి, నాకు తెలుసు" అన్నాడు చిన్నోడు.

నర్సు నమ్మలేదు. అయినా కాగితం మీద ఏదో రాసుకుంది. దూది ముంచుతూ, తల ఎత్తకుండా తమ్ముణ్ణి అడిగింది. "ఈయన మీకేమవుతారు?"

తమ్ముడి కనుబొమ మీది నెత్తురు కంట్లోకి కారుతోంది. తుడుచుకోలేదు. ఏమవుతాడని చెప్పాలి. పక్క యార్డువాడని చెప్పొచ్చు, ఎవరో తెలియదని చెప్పొచ్చు. వాడు మణికట్టు మీదున్న ఆ చెయ్యి వైపు చూశాడు. నర్సు మళ్ళీ అడగబోయింది.

"మా పాపకి తెలిసినాయన" అన్నాడు. ఆ తరవాత అక్కడే, ఆ బల్ల కాలు పట్టుకుని నేల మీద కూర్చుని, "మా పాప పోయింది" అన్నాడు.